నాగమ్మ వేషానికి మనిషి దొరకలేదట!

పల్నాటి గడ్డ మీద నాయకురాలు నాగమ్మ వేషం వెయ్యడానికి ఆడమనిషి దొరకలేదట! ఈ మాట విన్నప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదనుకోండి. గురజాలలో నలగామరాజు కొలువులో మంత్రిగా కూర్చుని, బ్రహ్మనాయుడంతటివాణ్ణి కోడిపందెంలో ఓడించి, మాచర్ల వాళ్ళని ఏడేళ్ళపాటు అడవులు పట్టించిన మనిషి నాగమ్మ. పన్నెండో శతాబ్దం నాటి సంగతి ఇది. రాజులు పోయారు, కోటలు పోయాయి, ఈ ఆడదాని పేరు మాత్రం ఇన్ని వందల ఏళ్ళయినా పోలేదు. ఇప్పటికీ మా వైపు ఆడపిల్ల ఎవరైనా నోరెత్తి ఎదురు మాట్లాడితే "అబ్బో, నాయకురాలు నాగమ్మ బయల్దేరిందండీ!" అంటారు. తిట్టడానికైతే ఇంటికొక నాగమ్మ దొరుకుతుంది. తీరా స్టేజి మీద నాగమ్మ కావలసి వచ్చేసరికి ఊరు మొత్తం గాలించినా ఒక్కతీ కనపడదు! గుంటూరుకో తెనాలికో ఫోను చేసి, అడ్వాన్సు పంపించి, అద్దెకి తెచ్చుకుంటారు.

నేను తగువు పెట్టుకోదలుచుకున్నది సరిగ్గా ఈ "దొరకలేదు" అనే మాటతోనే. వెతికితే దొరక్కపోవడం ఒకటి. అసలు వెతక్కుండానే దొరకలేదనడం ఇంకొకటి. చేతికి దొరికినదాన్ని పోగొట్టుకుని, ఏమీ ఎరగనట్టు దొరకలేదనడం మరొకటి. మా ఊళ్ళో జరిగింది ఈ మూడోది.

పట్నవాసపు సోదరీమణులకి పల్లెటూరి నాటకం ఎట్లా తయారవుతుందో కాస్త చెప్పాలి. టిక్కెట్టు కొనుక్కుని, చల్లటి హాల్లో కూర్చుని చూసే నాటకం కాదిది. శ్రీరామనవమి పందిట్లోనో, తిరనాళ్ళలోనో, పంట చేతికొచ్చి నాలుగు డబ్బులు ఆడేవేళ ఊరు తన కోసం తాను ఆడుకునే నాటకం. సత్యహరిశ్చంద్ర, కురుక్షేత్రం, గయోపాఖ్యానం, రామాంజనేయ యుద్ధం. మా పల్నాడులో అయితే అప్పుడప్పుడూ పల్నాటి యుద్ధం. మగవేషాలన్నీ ఊళ్ళోవాళ్ళవే. ఎరువుల కొట్టాయన అర్జునుడు, ఇంజెక్షన్లు పొడిచే డాక్టరుగారు కృష్ణుడు, నాపరాళ్ళ క్వారీలో మేస్త్రీ దుర్యోధనుడు. వీళ్ళలో సంగీతం నేర్చుకున్నవాళ్ళెవరూ లేరు. రాగం అంతంతమాత్రం, తాళం హార్మోనిస్టుగారి ఓపికని బట్టి ఉంటుంది. పద్యం మధ్యలో మర్చిపోయి నిలబడిపోతే తెర పక్క నించి ప్రాంప్టరు అరిచే అరుపు ఆఖరి వరసకి కూడా వినపడుతుంది. అయినా ఎవరూ తప్పు పట్టరు. "మనోడే గదా!" అని ఈల వేస్తారు. ఆ "మనోడే గదా" ఉంది చూశారూ, ఆ చనువూ, ఆ క్షమా, అవి మగవాడికే. "మనమ్మాయే గదా" అని ఆడపిల్ల అపస్వరాన్ని ఊరు క్షమించగా నేను చూడలేదు.

పోనీ ఆడవాళ్ళు నాటకానికి దూరంగా ఉంటారా అంటే, అదీ లేదు. చందా పుస్తకం మగవాళ్ళ చేతుల్లోంచి వస్తుంది, చందా డబ్బు పోపుల డబ్బాలోంచి పోతుంది. రిహార్సళ్ళు మొదలైన దగ్గర నించీ రాత్రి పదకొండింటికి పదిహేను గ్లాసుల టీ కాచి పంపేదెవరు? హార్మోనిస్టుగారికి కారం పడదని (మిరప పండే దేశానికొచ్చి కారం పడదంటే ఎట్లా చెప్పండి!) విడిగా చప్పిడి పప్పు వండేదెవరు? దర్బారు సీనుకి తెర చాలకపోతే దుప్పట్లు మనవే. ద్రౌపదికి పట్టుచీర కావాలంటే బీరువా తీసేది మనమే. మా పిన్నమ్మ కూతురి పెళ్ళిపట్టుచీర అట్లాగే పట్టుకుపోయి, పైటకొంగుకి మేకప్పు రంగంతా పులిమి తెచ్చిచ్చారు. అంటే ఏమన్నమాట? మన డబ్బు స్టేజి ఎక్కొచ్చు, మన దుప్పటి స్టేజి ఎక్కొచ్చు, మన చీర స్టేజి ఎక్కొచ్చు. చీరలో మనం ఉంటే మాత్రం కొంప మునుగుతుంది!

ఇక ఆ చీర కట్టుకోవడానికి వచ్చే మనిషి సంగతి చెబుతాను. ఆవిడ సాయంత్రం బస్సులో ట్రంకు పెట్టె పట్టుకుని దిగుతుంది. అందులో సవరం, గిల్టు నగలు, రంగుల డబ్బా, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక గ్లాసు. ఎందుకో తెలుసా? ఊళ్ళో ఎవరింట్లో మంచినీళ్ళడిగినా గ్లాసు కోసం తటపటాయిస్తారని ఆవిడకి తెలుసు గనక. ఆవిణ్ణి ఎవరూ ఇంట్లోకి పిలవరు. స్కూల్లో ఒక గది చూపిస్తారు. నేను చూసిన ఒక ఊళ్ళో ఆ గది తలుపుకి గడియ లేదు. ఇద్దరు ఆర్టిస్టులు ఒకరికొకరు దుప్పటి అడ్డం పట్టుకుని చీరలు మార్చుకున్నారు. కిటికీ అవతల ఊరి కుర్రకారు. వాళ్ళని తరమడానికి కమిటీ పెద్దలకి తీరిక లేదు, మైకు సరిచేసుకుంటున్నారు. ఆ మైకులో ఆవిడకి "కళాసరస్వతి" అని బిరుదు! స్టేజి మీద చంద్రమతీదేవి పుత్రశోకంతో ఏడుస్తుంటే ఊళ్ళో ఆడవాళ్ళందరూ కొంగులు తడుపుకుంటారు. తెల్లారి బస్సు కోసం చెట్టు కింద నిలబడితే అదే ఆడవాళ్ళు "అదుగో, నాటకాలది" అని వేలు పెట్టి చూపిస్తారు.

నాటకాలది! ఎంత సులభంగా నోటికొస్తుందో చూడండి ఈ మాట. "నాటకాలు వేస్తాడు" అని మగవాణ్ణి అంటే అదొక హాబీ. ఆడదాన్ని అంటే శీలానికి సంబంధించిన సంగతి. భాషలోనే వాటం అట్లా ఉన్నప్పుడు మనిషి ఎక్కడ నించి దొరుకుతుంది?

ఆవిడతో నేను గంటసేపు మాట్లాడాను, అద్దం ముందు కూర్చుని ఆవిడ కనుబొమలు దిద్దుకుంటున్నంతసేపూ. వాళ్ళమ్మ కూడా నాటకాల్లోనే చేసిందట. నాలుగు నాటకాల్లో ఏ స్త్రీపాత్ర ఇచ్చినా అప్పటికప్పుడు వేస్తుంది, పుస్తకం చూడక్కర్లేదు. ఎంత విద్యండీ అది! అలాంటి మనిషికి అన్నిటికన్నా భయం దేనికో అడిగితే, పద్యం తప్పుతుందని కాదు, చదివింపులకట. దృశ్యం మధ్యలో మైకు లాక్కుని "శ్రీ ఫలానావారు చింతామణి పాత్రధారిణికి నూటపదహార్లు" అని చదువుతారు. ఆ ఫలానావారు నోటు పట్టుకుని తూలుతూ స్టేజి ఎక్కుతారు. నోటు చేతికివ్వరు, పైటకి పిన్ను పెట్టబోతారు. నవ్వుతూ నోటు అందుకుంటూ రెండడుగులు వెనక్కి వెయ్యడం కూడా నటనలో భాగమేనని చెప్పింది. "మీ ఊరి ఆడకూతురు ఒక్కతె నా పక్కన స్టేజి మీదుంటే చాలమ్మా, వాడు మెట్లెక్కడు" అంది.

చింతామణి మాట వచ్చింది గనక ఒక ముక్క. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యల ఇళ్ళ చుట్టూ తిరిగి కొంపలు గుల్ల చేసుకునేవాళ్ళకి బుద్ధి చెప్పడానికి రాసిన నాటకం అది. ఊళ్ళల్లో ఆడగా ఆడగా బుద్ధి జారిపోయి బూతు మిగిలింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు మొర పెట్టుకుంటే 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నిషేధాలతో కళ బాగుపడుతుందని నేననుకోను, ఆ వాదన అట్లా ఉంచండి. ఆ స్టేజి మీద ఆ స్త్రీపాత్రని ఎన్ని దశాబ్దాలు ఎన్నెన్ని మాటలన్నారో! దాని మీద అర్జీ పట్టుకుని ఎవరైనా వెళ్ళినట్టు నేను వినలేదు. "నాటకాల్లో బూతులుంటాయి, అందుకే మన ఆడవాళ్ళు వద్దు" అంటారు. తలకిందులుగా చెబుతున్నారు. మన ఆడవాళ్ళు లేరు గనకే బూతులు. ఎదురుగా సొంత వదినో మేనత్తో వేషం కట్టుకుని నిలబడి ఉంటే ఏ మొనగాడికి నోరు పెగులుతుందో చూస్తాను.

"ఆనవాయితీ లేదమ్మా" అని ఇంకొక మాట. ఏ ఆనవాయితీ? బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా వస్తే అసలు ఆడవాళ్ళే ఆ నడకా ఆ చీరకట్టూ చూసి నేర్చుకునేవాళ్ళని మా పెద్దలు చెప్పేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారాయనకి. మహానటుడు, చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆడదాన్ని స్టేజి ఎక్కనివ్వని కాలంలో ఆడతనం మగవాడి దగ్గర నేర్చుకోవలసి వచ్చిందంటే, అందులో ఆయన గొప్పతనం ఎంతుందో మన సంఘం సిగ్గు అంత ఉంది. ఆ రోజుల్లో కూడా అందరూ అట్లా లేరు. 1885లో కడప వైపు సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి వాళ్ళు తల్లీ కూతురూ కోడలూ అందరూ కలిసి వేషాలు కట్టి, తరతరాలుగా అదే బతుకు బతికారు. బళ్ళారిలో ప్లీడరు చేసిన రాఘవగారు మగవాడు ఆడవేషం వెయ్యడం తగదని పట్టుబట్టి, కుటుంబ స్త్రీలు నాటకాల్లోకి రావాలని చెప్పి, కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటివాళ్ళతో కలిసి నటించారు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టాక ఆడవాళ్ళు ఊరూరా తిరిగి వేషాలు వేశారు. మోటూరి ఉదయంగారైతే ఆడవాళ్ళ బుర్రకథ దళమే కట్టారు. ఇవన్నీ మన అమ్మమ్మల నాటి సంగతులు. ఆనవాయితీ కావాలంటే ఇదుగో ఇంత ఉంది. లేనిది ఆనవాయితీ కాదు, మనసు.

పైగా నాటకాన్ని మార్చకూడదంటారు. మారుస్తూనే ఉన్నారుగా! బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్రలో కాటిసీను వచ్చేసరికి మా వినుకొండవాడు జాషువాగారి శ్మశానవాటి పద్యాలు పాడకపోతే జనం లేచిపోతారు. ఒక కవి నాటకంలో ఇంకొక కవి పద్యాలు దూర్చితే తప్పు లేదు గానీ, ఊరి నాటకంలో ఊరి ఆడది దూరితే మహాపరాధమా?

ఇక మా ఊరి సంగతి. మాది గురజాల అవతల చిన్న ఊరు. పెళ్ళయి నరసరావుపేటలో ఉంటున్నా, పండక్కీ పబ్బానికీ పోతూనే ఉంటాను. పోయినేడు శ్రీరామనవమికి పల్నాటి యుద్ధం ఆడాలనుకున్నారు. రిటైరైన తెలుగు మేష్టారొకాయన గంటన్నర నాటకంగా రాసిపెట్టారు. నేను నవలలు రాస్తానని నా దగ్గరికి పట్టుకొచ్చి, "అమ్మాయ్, మాటలు కాస్త చూసిపెట్టు, ఆడవాళ్ళ మాటలు నువ్వయితే బాగా రాస్తావు" అన్నారు. రాస్తాను బాబాయ్, కానీ ఆ మాటలు ఊళ్ళో ఆడవాళ్ళే అనాలి, అన్నాను. ఆయన నవ్వి ఊరుకుంటారనుకున్నాను. "నా బతుకంతా ఇదే అడుగుదామనుకుని అడగలేకపోయాను" అన్నారాయన.

కమిటీ వాళ్ళు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఎవరొస్తారండీ అన్నారు. రాత్రుళ్ళు రిహార్సళ్ళకి ఆడవాళ్ళెట్లా వస్తారు అన్నారు. రాత్రుళ్ళే ఎందుకు పెట్టాలి అని అడిగితే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. మగవాళ్ళకి ఆ వేళ తీరిక గనక, అంతే! మేం మధ్యాహ్నం పెట్టుకున్నాం. మిరపకోతలకి పొద్దున్నే ట్రాలీ ఆటో ఎక్కిపోయినవాళ్ళు రెండు రెండున్నరకి తిరిగొచ్చేవాళ్ళు. వంటికీ కళ్ళకీ పట్టిన కారపు ఘాటు వదిలేట్టు స్నానం చేసి, మూడింటికి స్కూలు వరండాలో ఉండేవాళ్ళు. అయిదింటికల్లా మళ్ళీ గేదెల దగ్గర. "ఎవరొస్తారు" అన్న నాటకానికి పదకొండు మంది వచ్చారు. అందులో వేషాలు ఆరే. మిగతావాళ్ళు కోరసు పాడతామన్నారు, అదీ లేకపోతే ఊరికే కూర్చుని చూస్తామన్నారు.

నాగమ్మ వేషం ఎవరికిచ్చామో ఆవిడ పేరు రాయొద్దంది, రాయను. డ్వాక్రా గ్రూపు లీడరు. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. బ్యాంకు మేనేజరు ముందు నిలబడి, రావలసిన లోను రాబట్టుకునే గొంతు. నాలుగు మడిచెక్కల అవతలి మనిషిని కేకేసే గొంతు. మైకు అక్కర్లేదు. చదవడం కూడబలుక్కుంటూ చదువుతుంది. రాత్రిళ్ళు పడుకునేముందు కూతురు చదివి వినిపిస్తే విని కంఠతా పట్టింది. మొదటిరోజు కొలువు సీనులో ఎట్లా నిలబడాలో నేను చూపించబోతే, "ఉండక్కాయ్, మొగోళ్ళు పదిమంది కూకుని మన మాట ఇననప్పుడు ఎట్టా నిలబడాల్నో నాకెరికే" అంది. నేను పక్కకి తప్పుకున్నాను. ఏమంటారు? బి.ఏ.లో నేను చదివిన నాటకశాస్త్రమంతా ఆ ఒక్క మాట ముందు దండగే గదా!

ఆవిడ పల్లెవాడ నించి వచ్చింది. దీని మీద కమిటీలో ఇంకొక గుసగుస. ఆవిడ సింహాసనం పక్కన కూర్చుంటే ఎట్లా అని! మాలకన్నమదాసుని కొడుకుగా చేసుకుని సేనకి ముందు నిలబెట్టాడని బ్రహ్మనాయుణ్ణి పొగుడుతూ పద్యాలు పాడే నాటకం అది. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలప్పుడు మందపోరు నాడు చాపకూడు కలిసి తింటారు. ఆ చాపకూడు సీనుకి రిహార్సలు చేస్తూ ఈ గుసగుసలు! మేష్టారు అందరి ముందూ "అయితే నాటకం మానేద్దాం, ఆ పద్యాలు నా నోట రావు" అన్నారు. దాంతో అణిగింది.

మాంచాల వేషం ఇంకో తమాషా. వేస్తానన్న కొత్తకోడలు ఇంజనీరింగు చదివింది. అత్తగారు ఒప్పుకోలేదు. "పరాయి మొగోడి నుదుట వీరతిలకం దిద్దుద్దా మా కోడలు?" అని. నిజమే, ఆవిడ బాధ ఆవిడది. ఇంటర్మీడియట్ చదివే ఒక పొడుగుపాటి పిల్లని బాలచంద్రుడిగా పెట్టాం. మీసం పెట్టుకుని కత్తి పట్టుకుంటే ఊరు ఊరంతా మురిసిపోయింది. అత్తగారు తక్షణం ఒప్పుకున్నారు. ఆడపిల్ల మగవేషం వేస్తే పరువుకి లోటు లేదట, ఆడవేషం వేస్తేనే లోటు! ఈ లెక్క ఎట్లా కుదిరిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. నేను ఐతాంబ వేషం వేశాను. నా సంగతి చెప్పుకోవలసినంత ఏమీ లేదు, నాలుగు మాటలు, ఒక ఏడుపు.

ఆ రాత్రి కోడిపోరు సీనులో పుంజొకటి చెయ్యి జారిపోయి హార్మోనియం మీదెక్కి కూర్చుంది. జనం ఈలలు. నాగమ్మ పుంజుని చూసి, బ్రహ్మనాయుణ్ణి చూసి, "నాయుడుగారూ, మీ కోడికి సంగీతం మీద మనసు పోయినట్టుంది, పోరెట్లా గెలుస్తుంది?" అంది. నేను రాసిన మాట కాదు, మేష్టారు రాసిందీ కాదు! ఆ తర్వాత కొలువు సీను నడుస్తోంది. అలవాటు కొద్దీ ఒకాయన మైకు లాక్కుని, "నాగమ్మ పాత్రధారిణికి నూటపదహార్లు..." అని మొదలెట్టాడు. ఆవిడ వేషంలోంచి బయటికి రాలేదు. మెల్లిగా అటు తిరిగి, "కొలువులో మంత్రి మాట్లాడుతుంటే మధ్యలో నోరు తెరిచిందెవరు?" అంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ వైపు నించి మొదలయ్యాయి చప్పట్లు. నాటకాలాయన మైకు కింద పెట్టేశాడు. ఆ రాత్రి ఇంకొక చదివింపు లేదు. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి సినిమాల్లో నాగమ్మగా ఎంత గొప్పగా చేశారో నాకు తెలుసు. మా ఊరి చాపల మీది ఆడవాళ్ళకి మాత్రం నాగమ్మ అంటే ఇక ఈవిడే.

ఇంత జరిగాక ఈ ఏడు ఏమవాలి చెప్పండి? నాలుగో రోజున ఆవిడ మొగుడు టీకొట్టు దగ్గరికి పోతే, "నాయకురాలి మొగుడొచ్చాడ్రోయ్, లెగండి లెగండి" అన్నారట. ఒకరోజు కాదు, నెల రోజులు. ఆ అన్నవాళ్ళు ఎవరో కాదు, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళే. అతను చెడ్డవాడేం కాదు. నాటకం రోజున భార్య నగల మూట తనే మోసుకొచ్చాడు. కానీ నెల రోజుల ఎగతాళికి నిలబడేంత బలం ఎంతమంది మగవాళ్ళకుంటుంది? "ఇంక వద్దులేవే" అన్నాడు. ఆవిడ సరేనంది. ఈ నవమికి కమిటీవాళ్ళు కాంట్రాక్టు నాటకం మాట్లాడుకున్నారు. ఎందుకని అడిగితే, "నాగమ్మ వేషానికి మనిషి దొరకలేదండీ!"

ఇక్కడ మగవాళ్ళని నాలుగు తిట్టి ఊరుకుంటే మీకూ నాకూ హాయిగానే ఉంటుంది. అట్లా కుదరదు. టీకొట్టు మాట మగవాళ్ళది. బావి దగ్గరి మాట ఎవరిది? "మొగోళ్ళ ముందు అట్టా చేతులూపి మాట్టాడుద్దా? సిగ్గులేకుండా" అన్నది మనవాళ్ళే. స్కూలు వార్షికోత్సవంలో కూతురు ఝాన్సీ లక్ష్మీబాయి ఏకపాత్రాభినయం చేసి ప్లేటు బహుమతి తెస్తే షోకేసులో పెట్టుకుంటాం. అదే పిల్లకి పెళ్ళయి, ఆ ఊరి స్టేజి ఎక్కుతానంటే వియ్యపురాలి ముందు తలెత్తుకోలేమంటాం. మొన్నొక పెళ్ళిలో ఒకావిడ నాతో ఇదే వాదన వాదిస్తూ, మధ్యలో ఫోను తీసి కోడలు చేసిన రీల్సు చూపించింది. సినిమాపాటకి చక్కగా నృత్యం చేసింది ఆ అమ్మాయి, ముచ్చటగా ఉంది. ఊరూ పేరూ తెలియని లక్షమంది చూడొచ్చట. మామగారికీ మేనమామకీ తెలిసిన అయిదొందల మంది మాత్రం చూడకూడదట! చూసేవాళ్ళు అపరిచితులైతే పరువు, పరిచితులైతే పరువుతక్కువ. ఇదేం చోద్యమమ్మా?

ఊరి ఆడవాళ్ళే వేషాలు వేసుకుంటే ఆర్టిస్టుల పొట్ట కొట్టినట్టు కాదా అని ఒక పాఠకురాలు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను ఆవిణ్ణి రావద్దనడం లేదు, ఇంకా ముందుగా రమ్మంటున్నాను. ఒక్క రాత్రికి కాదు, పదిరోజులకి. హార్మోనిస్టుని గురువుగారూ అని పిలిచి పీట వేస్తున్నాం గదా, నాలుగు నాటకాలు నోటికొచ్చిన ఆవిణ్ణి కూడా అట్లాగే పిలిచి, పద్యం ఎట్లా అందుకోవాలో, నోటు పట్టుకొచ్చేవాడి నించి రెండడుగులు ఎట్లా వెనక్కెయ్యాలో మన పిల్లలకి నేర్పమనండి. ఆ పదిరోజులకీ డబ్బివ్వండి. మన ఇంట్లో పడుకోబెట్టండి. చంద్రమతి వేషం ఆవిడే వేస్తుంది, పద్యనాటకంలో ఆవిడంత పాడేది మనలో ఎవరూ లేరు. చెలికత్తె మన పిల్ల వేస్తుంది. మరుసటేడు చంద్రమతి ఎవరో అప్పుడు చూద్దాం. తలుపుకి గడియ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, మన పిల్ల ఆ గదిలో ఉందంటే సాయంత్రానికల్లా వడ్రంగి వస్తాడు.

2022లో పల్నాడు జిల్లా అయ్యాక మా నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. సభల్లో వీరగడ్డ, పౌరుషం అని ఒకటే ఉపన్యాసాలు. ఆ వీరగడ్డలో ఒక ఆడది వేషం వేసి మంత్రిలా మాట్లాడితే దాని మొగుణ్ణి టీకొట్టు దగ్గర నిలవనివ్వని పౌరుషం ఏం పౌరుషమో నాకు తెలియదు. నాగమ్మని నాటకాల్లో ఎప్పుడూ కుట్రలమారిగానే చూపిస్తారు. అసలు నాగమ్మ ఎట్లాంటిదో మనకెవరికీ తెలియదు. కథ చెప్పినవాళ్ళందరూ బ్రహ్మనాయుడి పక్షంవాళ్ళు. కానీ పోయినేడు ఆవిడ కొలువులో నిలబడి మాట్లాడుతుంటే, నా పక్కన కూర్చున్న ముసలావిడ, "అదీ నిజమేగందా, నాగమ్మ చెప్పేది" అని గొణిగింది. ఇన్నేళ్ళలో ఆ నాటకం చూస్తూ ఆ మాట అన్నవాళ్ళని నేను వినలేదు.

కిందటి ఆదివారం కమిటీ కుర్రాడు మా ఇంటికి చందా పుస్తకం పట్టుకొచ్చాడు. పోయినేడు నేనిచ్చింది కాగితం మీదుంది, ఈసారి రెట్టింపు రాశాను. పక్కన గళ్ళో ఇంకొక వాక్యం రాశాను: వచ్చే ఏటి నాటకంలో ఆడవేషాలు ముందు ఊరి ఆడవాళ్ళని అడిగాకే బయట అడగాలి, రిహార్సళ్ళు మధ్యాహ్నం మూడింటికి, అందుకు ఒప్పుకుంటే ఈ డబ్బు. కుర్రాడు చదివి, తల గోక్కుని, "ఇట్టా రాస్తే ఎట్టా అత్తా, కింద సంతకం పెట్టాల్సినోళ్ళంతా దీన్ని చూస్తారు గదా" అన్నాడు. అందుకే రాశానయ్యా అన్నాను. "పెద్దోళ్ళనడిగి చెబుతా" అని పుస్తకం తీసుకుపోయాడు. నిన్న వాళ్ళమ్మ ఫోను చేసింది. డబ్బు సంగతి ఎత్తలేదు. ఆ గళ్ళో నేను రాసిన దాని కింద ఇంకో నలుగురు ఆడవాళ్ళు "మేమూ అంతే" అని రాశారట, ఒకావిడ వేలిముద్ర వేసిందట, ఇప్పుడా పుస్తకం ఎవరి దగ్గరుందో తెలియడం లేదట.